జేబు గడియారం: ముందు వయసు, తర్వాత టైము
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇరవై నిమిషాలు మాత్రమే ఇచ్చారు. ఎవరు గీత దాటినా సభవారు క్షమిస్తారు గాని, గడియారాల మీద మాట్లాడడానికి వచ్చినవాడు వేళ దాటితే మాత్రం నవ్వులపాలవుతాడు. అంచేత ఉపోద్ఘాతం లేకుండా విషయంలోకి వస్తాను.

మనం ఉంటున్న ఈ అమెరికాలో పాత జేబు గడియారం దొరకడం కష్టం కాదు. ఎవరో పెద్దాయన పోతే ఆ ఇంటి సామాను అమ్మే చోట, ఆదివారం సంతల్లో, పాత సామాన్ల దుకాణాల్లో గాజు పెట్టెల వెనక అవి మనవైపు చూస్తూనే ఉంటాయి. మనవాళ్ళలో కూడా వీటిమీద మోజు పడుతున్నవారు ఈమధ్య కనిపిస్తున్నారు. కొత్తగా ఒకటి కొన్నవారు ఎవరైనా సరే, అడిగే ప్రశ్నలు రెండే. ఒకటి, “ఇది ఏనాటిదండీ?” రెండోది, “దీనికి టైము ఎలా పెట్టాలండీ?”

చాలామంది రెండో ప్రశ్నతో మొదలుపెడతారు. గడియారం చేతికి రాగానే కీ ఇచ్చేయాలి, ముళ్ళు తిప్పేయాలి, చెవి దగ్గర పెట్టుకుని టిక్ టిక్ వినాలి అని ఆత్రం. అది సహజమే. కాని ఈ పూట నేను మీకు మనవి చేసేది ఒక్కటే: మొదటి ప్రశ్నకు జవాబు దొరికేదాకా రెండో ప్రశ్న జోలికి పోవద్దు. ఎందుకంటే గడియారం వయసు చెప్పే నంబరే దానికి టైము ఎలా పెట్టాలో కూడా చెబుతుంది. ఆ నంబరు చదవకుండా పైనున్న కిరీటం పట్టుకుని లాగినవారు నూరేళ్ళు బతికిన గడియారాన్ని నూరు సెకన్లలో పాడు చెయ్యగలరు.

ముందుగా తెలుసుకోవలసింది, జేబు గడియారమంటే ఒక వస్తువు కాదు, రెండు. పైన కనబడేది డబ్బీ. అమెరికన్లు కేసు అంటారు. లోపల నడిచేది యంత్రం. దాన్ని మూవ్‌మెంటు అంటారు. పందొమ్మిదో శతాబ్దం చివరా, ఇరవయ్యో శతాబ్దం మొదటా ఈ దేశంలో ఈ రెండింటినీ చాలావరకు వేరు వేరు కంపెనీలు తయారుచేసేవి. కొనేవాడు నగల దుకాణానికి వెళ్ళి, తన తాహతుకు తగిన యంత్రం ఒకటి, తన సరదాకు తగిన డబ్బీ ఒకటి ఎంచుకుంటే, దుకాణదారు దాన్ని దీనిలో బిగించి ఇచ్చేవాడు. ఇలా కుదరడానికి కారణం, యంత్రాలకు నిర్ణీతమైన సైజులు ఉండడం. 18 సైజు యంత్రం డయలు వైపు పళ్ళెం అడ్డుకొలత సుమారు 44.9 మిల్లీమీటర్లు, 16 సైజుది 43.2, 12 సైజుది 39.8. ఏ కంపెనీ 16 సైజు డబ్బీలోనైనా మరో కంపెనీ 16 సైజు యంత్రం సాధారణంగా ఇమిడిపోతుంది.

దీని పర్యవసానం ఏమిటో చూడండి. డబ్బీ వెనక మూత లోపల ఒక కంపెనీ పేరు, ఒక నంబరు చెక్కి ఉంటాయి. కొత్తవారు నూటికి తొంభైమంది ఆ నంబరు రాసుకుని పట్టికల్లో వెతుకుతారు. అది డబ్బీ నంబరు. దానికీ యంత్రం వయసుకూ ఏమీ సంబంధం లేదు. “పైన పటారం, లోన లొటారం” అన్న సామెత మనకు ఉండనే ఉంది. ఇక్కడ కొన్నిసార్లు అది తలకిందులు కూడా అవుతుంది. పైన నికెలు డబ్బీ, లోన ఇరవై ఒక్క రాళ్ళ రైల్వే యంత్రం. కాబట్టి పటారం చూసి మోసపోవద్దు, లొటారం అనుకుని పారేయనూ వద్దు. మూత తీసి లోపలికి చూడండి.

మూత తీయడానికీ ఒక పద్ధతి ఉంది. చాలా అమెరికన్ గడియారాల మూతలు మరచెంబు మూతల్లా తిరుగుతాయి. గడియారాన్ని అరచేతిలో బోర్లా పెట్టి, రెండో అరచేయి వెనక మూతమీద ఆన్చి ఎడమవైపు తిప్పితే వదులవుతుంది. జారుతుంటే రబ్బరు చేతితొడుగు వేసుకోండి. రెండో రకం కీలు ఉన్న మూత. దాని అంచున ఒకచోట చిన్న పెదవిలాంటి భాగం ఉంటుంది. అక్కడ గోరు పెట్టి లేపాలి. మూడో రకంలో వెనక మూతే ఉండదు. ముందు గాజు చట్రం విప్పితే యంత్రం మొత్తం కీలుమీద తలుపులా ముందుకు వస్తుంది. మీ చేతిలో ఉన్నది ఏ రకమో తెలియకుండా కత్తి మొన దూర్చవద్దు. కత్తి జారితే తెగేది వేలైనా కావచ్చు, వెంట్రుకలాంటి హెయిర్ స్ప్రింగైనా కావచ్చు. వేలైతే మానుతుంది.

డయలుకు కూడా పైన మూత ఉన్న గడియారాన్ని హంటరు అంటారు. దాని మూత మూసేటప్పుడు ‘టప్’మని కొట్టకూడదు. కిరీటం నొక్కి పట్టుకుని మూత మూసి, ఆపైన కిరీటం వదలాలి. సినిమాల్లో జమీందార్లు టప్పున మూయడం చూసి మనమూ అలా చేస్తే, మూతను పట్టి ఉంచే కొక్కెం కొన్నాళ్ళకు అరిగిపోతుంది.

మూత తెరిచాక భూతద్దం పెట్టి, ఇత్తడి లేదా నికెలు పళ్ళేల మీద ఏమి చెక్కి ఉందో అంతా అక్షరం పొల్లుపోకుండా కాగితం మీద రాసుకోండి. ముఖ్యంగా నాలుగు వివరాలు దొరుకుతాయి. కంపెనీ పేరు, సీరియల్ నంబరు, ఎన్ని రాళ్ళు అన్నది, గ్రేడు పేరు లేక నంబరు. రాళ్ళంటే ఇరుసులు తిరిగే చోట అరుగుదల లేకుండా పొదిగిన కెంపులు. చూడడానికి నగలో రాళ్ళలాగే ఉంటాయి గాని, అవి ఉన్నది అందానికి కాదు. ఏడు, పదిహేను, పదిహేడు, ఇరవై ఒకటి, ఇరవై మూడు రాళ్ళ యంత్రాలు తరచు కనబడతాయి.

ఇక కంపెనీలు. మనకు తరచు తగిలేవి మూడు. మొదటిది మసాచుసెట్స్ రాష్ట్రంలోని వాల్తం. 1850లో ఆరన్ డెన్నిసన్, ఎడ్వర్డ్ హోవర్డ్ ప్రభృతులు మొదలుపెట్టిన ప్రయత్నం 1854లో వాల్తం ఊరు చేరింది. ఒక గడియారంలో పాడైన చక్రం తీసి, అదే మోడలు మరో గడియారం చక్రం వెయ్యగలిగేటట్టు యంత్రాలతో భాగాలు తయారుచేయాలన్నది వారి ఆశయం. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో వారి పనితనం చూసి స్విట్జర్లాండు నుంచి వచ్చినవారు కలవరపడి, తమ దేశానికి వెళ్ళి హెచ్చరికలు చేశారు. రెండోది షికాగోకు వాయవ్యాన ఉన్న ఎల్జిన్. 1864లో నేషనల్ వాచ్ కంపెనీ పేరుతో స్థాపించారు. 1867లో తొలి గడియారం అమ్మారు. దానికి కంపెనీ తొలి అధ్యక్షుడూ, ఒకప్పటి షికాగో మేయరూ అయిన బి. డబ్ల్యు. రేమండ్ పేరు పెట్టారు. మూడోది పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ ఊరి హామిల్టన్, 1892లో పుట్టింది. వాల్తంలో గడియారాల తయారీ 1957తోనూ, ఎల్జిన్‌లో 1960ల దశకంతోనూ ఆగిపోయాయి. హామిల్టన్ 1969లో అమెరికాలో తయారీ మానుకుంది. కర్మాగారాలు పోయినా, వాటి సీరియల్ నంబర్ల పట్టికలు మిగిలాయి. పుస్తకాల్లోనూ ఉన్నాయి, ఇంటర్నెట్టులోనూ ఉన్నాయి. 1943లో ఏర్పడిన గడియారాల సేకర్తల జాతీయ సంఘానికి పెన్సిల్వేనియాలోని కొలంబియాలో మ్యూజియం, గ్రంథాలయం కూడా ఉన్నాయి.

ఉదాహరణకు మీ చేతిలో ఎల్జిన్ యంత్రం ఉందనుకుందాం. ఎల్జిన్ నంబర్లు సుమారు 1882 నాటికి పది లక్షలకు, 1903 నాటికి కోటికి, 1910 నాటికి కోటిన్నరకు, 1920 నాటికి రెండు కోట్ల ముప్పై లక్షలకు చేరాయి. మీ నంబరు కోటీ ముప్పై నాలుగు లక్షల చిల్లర అయితే, అది 1907-08 ప్రాంతపు యంత్రమని చెప్పవచ్చు. కాని ఎల్జిన్ పట్టికలో వాల్తం నంబరు చూడకూడదు. వాల్తం నంబర్లు కోటికి చేరింది సుమారు 1901లో. ఏ కంపెనీ జాతకం ఆ కంపెనీదే.

‘ప్రాంతం’ అన్న మాట నేను కావాలనే వాడాను. కంపెనీవారు నంబర్లను గుత్తులు గుత్తులుగా కేటాయించేవారు. ఈ వెయ్యి ఈ మోడలుకు, ఆ వెయ్యి ఆ మోడలుకు అని ముందే వేరుచేసి, తీరిగ్గా తయారుచేసేవారు. అంచేత పెద్ద నంబరు గడియారం చిన్న నంబరు దానికంటే ముందు బయటికి వచ్చిన సందర్భాలున్నాయి. తయారైనది దుకాణంలో ఏళ్ళ తరబడి కూర్చున్న సందర్భాలూ ఉన్నాయి. ఒక పట్టికకూ మరో పట్టికకూ ఏడాది తేడా రావడం మామూలే. కాబట్టి “1907 మార్చిలో తయారైంది” అని ఎవరైనా ఘంటాపథంగా చెబితే కాస్త సందేహించండి. “సుమారు 1907” అన్నవారిని నమ్మండి.

పట్టిక ఒక సాక్షి మాత్రమే. మిగతా సాక్షుల్ని కూడా విచారించాలి. కంపెనీ పేరు ఒక సాక్షి. పళ్ళెం మీద ‘నేషనల్ వాచ్ కంపెనీ’ అని మాత్రమే ఉంటే, ఆ కంపెనీ పేరు మార్చుకున్న 1874కు ముందుదని మొదట అనుమానించాలి. ‘అమెరికన్ వాల్తం’ అన్న పేరు 1885 నుంచి వచ్చింది. కీ ఇచ్చే పద్ధతి ఇంకో సాక్షి. విడి తాళంచెవితో కీ ఇచ్చే అమెరికన్ గడియారాలు 1870ల తర్వాత క్రమేణా తగ్గి, కిరీటం తిప్పి కీ ఇచ్చేవి పెరిగాయి. డబ్బీ మూత లోపల ‘20 సంవత్సరాలకు హామీ’, ‘25 సంవత్సరాలకు హామీ’ అని రాసి ఉంటే అది కూడా సాక్షే. అలా ఏళ్ళు వేసి హామీ ముద్ర కొట్టే ఆచారం 1924తో అమెరికాలో ఆగిపోయింది.

ఆ హామీ ముద్రకు మరో అర్థం కూడా ఉంది. మన ఆడవాళ్ళు ఈ మాట శ్రద్ధగా వినాలి. హామీ ఏళ్ళు వేసిన డబ్బీ నికార్సయిన బంగారం కాదు. ఇత్తడిలాంటి లోహానికి రెండువైపులా బంగారు రేకు తాపడం చేసినది. పక్కన ‘14 కేరట్లు’ అని ఉన్నా సరే, అది రేకు మచ్చు మాత్రమే. ఏళ్ళ హామీ అంటే, ఆ రేకు అరిగి లోపలి లోహం బయటపడడానికి అంత కాలం పడుతుందని చెప్పడం.

ఇంగ్లండులో ఉన్న మన బంధువులకు ఎదురయ్యే గడియారాల సంగతి కొంచెం వేరు. అక్కడి వెండి డబ్బీల మీద ప్రభుత్వ పరీక్షా ముద్రలు ఉంటాయి. లంగరు గుర్తు బర్మింగ్‌హాముది, చిరుతపులి తల లండనుది. పక్కనే ఒక అక్షరం ఉంటుంది. ఆ అక్షరం ఏ సంవత్సరానిదో ఊరినిబట్టి పట్టిక చూస్తే తేలిపోతుంది. అక్కడ యంత్రానికి తగ్గట్టు డబ్బీ చేయించడం రివాజు గనక, డబ్బీ వయసే చాలాసార్లు గడియారం వయసు అవుతుంది. స్విస్ డబ్బీల మీద ఉడుత బొమ్మ ఉంటే 14 కేరట్ల బంగారం, హెల్వెషియా దేవి తల ఉంటే 18 కేరట్లు. ఈ పద్ధతి అక్కడ 1880ల నుంచి వచ్చింది. ఆ ముద్రలు లోహాన్ని గురించి చెబుతాయి గాని, ఏ సంవత్సరమో చెప్పవు.

ఇంతవరకు వయసు సంగతి. ఇప్పుడు టైము పెట్టడం. ముళ్ళు తిప్పే పద్ధతులు నాలుగు. తాళంచెవితో తిప్పేవి మొదటి రకం. కొన్నిటికి వెనక మధ్యలో, కొన్నిటికి ముందు ముళ్ళ నడిమి మేకుమీద తాళంచెవి తొడగాలి. దాని చదరం సరిగ్గా అతకాలి. వదులైన చెవితో తిప్పితే చదరం మూలలు గుండ్రబడతాయి. కొన్ని పాత ఇంగ్లీషు గడియారాలకు కీ ఇవ్వడం ఎడమవైపుకే ఉంటుంది. మొండికేస్తే బలవంతం చేయక రెండోవైపు మెల్లగా చూడాలి. రెండో రకం, కిరీటం పక్కన చిన్న మేకు ఉండేవి. ఎక్కువగా స్విస్‌వి. మేకు గోటితో నొక్కి పట్టుకుని కిరీటం తిప్పాలి. మూడో రకం మనకు చేతి గడియారాల వల్ల అలవాటైనది, కిరీటం పైకి లాగి తిప్పడం.

నాలుగో రకమే అసలు చిక్కు. వీటిని లీవరు సెట్టు అంటారు. వీటి కిరీటం కీ ఇవ్వడానికి మాత్రమే. లాగితే రాదు. రాకపోతే బిగుసుకుపోయిందనుకుని పట్టకారు పెట్టి లాగేవారున్నారు. అక్కడే గడియారం ప్రాణం పోతుంది. ముందు గాజు చట్రం ఎడమవైపు తిప్పి విప్పితే, డయలు అంచున చిన్న ఉక్కు నాలుక కనిపిస్తుంది. మూత లేని గడియారాల్లో తరచు ఒంటిగంట, రెండు గంటల అంకెల దగ్గర ఉంటుంది, మోడలునుబట్టి మరోచోట కూడా ఉండవచ్చు. దాన్ని గోటితో తిన్నగా బయటికి లాగండి. ఇప్పుడు కిరీటం తిప్పితే ముళ్ళు కదులుతాయి. పని కాగానే నాలుకను పూర్తిగా లోపలికి తోసి, ఆ తర్వాతే గాజు బిగించండి. అంతే. తెలిస్తే అర నిమిషం పని.

మీ గడియారం ఏ రకమో ఎలా తెలుస్తుంది? ఇందాకటి సీరియల్ నంబరు ద్వారానే. పట్టికలో ఆ నంబరుకు ఎదురుగా ఏడాదితోబాటు సైజు, రాళ్ళు, గ్రేడు, టైము పెట్టే పద్ధతి కూడా తరచు రాసి ఉంటాయి. ‘లీవరు’ అని ఉంటే కిరీటం లాగవద్దు. ముందు వయసు, తర్వాత టైము అని నేను పట్టుబట్టింది ఇందుకే.

ఇంత గొడవ ఎందుకు పెట్టారని మీరు అడగవచ్చు. దాని వెనక రైళ్ళ కథ ఉంది. 1883 నవంబరు 18న అమెరికా రైలు కంపెనీలు ఊరికో టైము పద్ధతి వదిలి మండలాల వారీ టైము పాటించడం మొదలుపెట్టాయి. ఒకే పట్టామీద ఎదురెదురుగా రైళ్ళు నడిచే ఆ రోజుల్లో, ఏ రైలు ఎక్కడ పక్కకు తప్పుకోవాలన్నది డ్రైవరు, కండక్టర్ల జేబు గడియారాల మీదే ఆధారపడి ఉండేది. 1891 ఏప్రిల్‌లో ఒహాయోలోని కిప్టన్ దగ్గర టపా రైలూ, ప్యాసింజరూ ఢీకొని మనుషులు చనిపోయారు. ఒక ఉద్యోగి గడియారం నాలుగు నిమిషాలు ఆగి మళ్ళీ నడిచిందనీ, అతనికి ఆ సంగతి తెలియలేదనీ చెబుతారు. ఆ తర్వాత క్లీవ్‌లాండు నగల వర్తకుడు వెబ్ బాల్‌ని రైలు కంపెనీ గడియారాల తనిఖీకి నియమించింది. క్రమేణా నిబంధనలు బిగిశాయి. వారానికి ముప్పై సెకన్లకు మించి తేడా రాకూడదు, కనీసం పదిహేడు రాళ్ళుండాలి, పడుకోబెట్టినా నిలబెట్టినా అయిదు భంగిమల్లో సరిగా నడవాలి, అంకెలు స్పష్టంగా ఉండాలి. అన్నిటితోబాటు, లీవరుతోనే టైము పెట్టాలి. జేబులోంచి తీసేటప్పుడు కిరీటం పొరపాటున పైకి వచ్చి ముళ్ళు కదిలితే ప్రాణాలు పోతాయి గనక. ఆ చిన్న ఉక్కు నాలుక అంత బాధ్యత మోసింది. మరొక్క మాట. డయలుమీదో, డబ్బీమీదో రైలింజను బొమ్మ ఉన్నంత మాత్రాన అది రైల్వే గడియారం కాదు. అలాంటి బొమ్మలు చవక గడియారాల మీదే ఎక్కువ.

ఈ కథ మనకూ పరాయిది కాదు. భారతదేశపు రైళ్ళు చాలాకాలం మద్రాసు టైము ప్రకారం నడిచాయి. 1906 జనవరి 1న భారత ప్రామాణిక కాలం వచ్చింది. మద్రాసు టైము కంటే అది సుమారు తొమ్మిది నిమిషాలు ముందు. రోజుకు అరవై ఘడియలు, ఘడియకు ఇరవై నాలుగు నిమిషాలు లెక్కగట్టుకున్న మన పెద్దలకు, రైలు అందుకోవాలంటే మాత్రం స్టేషను గడియారమే ప్రమాణమైంది. మన ఇళ్ళల్లో ఎవరి తాతగారి పెట్టెలోనైనా జేబు గడియారం ఉంటే, దాని ముళ్ళు కూడా ఆ తొమ్మిది నిమిషాలు జరిగి ఉండవచ్చు.

ఇక కీ ఇవ్వడం. “ఎక్కువ కీ ఇచ్చేశాను, అందుకే ఆగిపోయింది” అనే మాట తరచు వింటాం. కీ నిండుగా ఇవ్వడం తప్పు కాదు. ఆ గడియారం చేసిందే రోజూ నిండుగా కీ ఇవ్వడానికి. పూర్తిగా కీ ఇచ్చినా నడవలేదంటే, లోపల నూనె ఎండి జిగురైనా అయి ఉండాలి, బాలన్సు చక్రం ఇరుసు విరిగైనా ఉండాలి. సాగదీసి మరికాస్త తిప్పితే మెయిన్ స్ప్రింగు తెగుతుంది. కొత్తగా కొన్నదానికి నాలుగైదు చుట్లు మాత్రం ఇచ్చి చూడండి. బాలన్సు చక్రం చురుగ్గా ఇటూ అటూ ఊగితే ఆశ ఉంది. నడిచినా సరే, తెలిసిన పనివాడిచేత విప్పించి, శుభ్రం చేయించి, నూనె వేయించాకే రోజూ వాడండి. ఎండిన నూనెలో దుమ్ము కలిస్తే అది ఇరుసులకు ఆకురాయిలా పనిచేస్తుంది. కుట్టుమిషను నూనె, తలుపు బందులకు వేసే నూనె మీరే పోసే సాహసం చేయకండి. చీకట్లో మెరిసే అంకెలున్న పాత డయళ్ళ మీద రేడియం ఉండవచ్చు. వాటిని గీకవద్దు, ముఖ్యంగా పిల్లల చేతికివ్వవద్దు.

రోజూ ఒకే వేళకు, పొద్దున్నే, నిండుగా కీ ఇవ్వండి. ఈ యంత్రాల్లో చాలావాటికి సెకండు ముల్లును ఆపే ఏర్పాటు ఉండదు. అంచేత సెకండు ముల్లు అరవై మీదికి వచ్చే సమయానికి నిమిషాల ముల్లు సరిగ్గా నిమిషం గీతమీద ఉండేటట్టు సర్దుకోవాలి. ముళ్ళు ముందుకు తిప్పడమే మంచి అలవాటు. ఆపైన వారం రోజులు సెల్‌ఫోను టైముతో పోల్చి, ఎంత ముందు, ఎంత వెనక అని రాసుకోండి. తేడా రోజూ ఒకే తీరుగా వస్తుంటే సవరించవచ్చు. బాలన్సు చక్రం పైన చిన్న మీట ఉంటుంది. ఇంగ్లీషువాటికి ఎఫ్, ఎస్ అనీ, ఫ్రెంచివాటికి ఎ, ఆర్ అనీ అక్షరాలుంటాయి. ఎఫ్, ఎ అంటే వేగం. ఎస్, ఆర్ అంటే నిదానం. వెంట్రుకవాసి జరిపి, ఒక రోజు ఆగి చూడాలి. సెకండుకు అయిదుసార్లు చప్పున గంటకు పద్దెనిమిది వేలసార్లు కొట్టుకునే గుండె అది. దాన్ని మొరటుగా ముట్టుకోకూడదు. నూరేళ్ళు దాటిన మామూలు గడియారం రోజుకు ఒక నిమిషం తేడాలో నడిచిందంటే సంతోషించాలి.

కొనేవారికి రెండు హెచ్చరికలు చేసి ముగిస్తాను. డబ్బీ అంచులోపల, యంత్రాన్ని పట్టే మరలు ఉన్నచోట కాక వేరేచోట పాత మరల గాట్లు కనిపిస్తే, ఆ డబ్బీలో ఇంతకుముందు మరో యంత్రం కాపురం చేసిందన్నమాట. అది నేరం కాదు. కాని రెండూ పుట్టినప్పటి నుంచీ కలిసే ఉన్నాయని చెప్పి ఎక్కువ ధర అడిగితే ఒప్పుకోవద్దు. రెండోది, మెరుపు కోసం డబ్బీని పాలిషు చేయించవద్దు. ఒక్కో పాలిషుకు చెక్కడం కాస్త కాస్త పోతుంది. మూతమీద ఎవరి పేరో, తేదీయో చెక్కి ఉంటే, అదే ఆ గడియారం ఆత్మకథ.

పాలిషును మించిన ప్రమాదం మరొకటుంది. 1980 జనవరిలో బంగారం ధర ఆకాశానికి ఎగిసినప్పుడు, ఈ దేశంలో ఎన్నో బంగారు డబ్బీలు కరిగిపోయాయి. లోపలి యంత్రాలు దిక్కులేనివై డబ్బాల్లో పడ్డాయి. ఇప్పటికీ సంతల్లో డబ్బీ లేని యంత్రాలు గుప్పెళ్ళ లెక్కన దొరకడానికి అదొక కారణం. మన ఇళ్ళల్లోనూ జరిగేది ఇదే. తాతగారు పోతారు. పెట్టె తెరుస్తారు. గడియారం నడవదు. “డబ్బీలో బంగారం ఎంతుంది?” అని కంసాలి త్రాసులో పెడతారు. తులాల లెక్కన వచ్చేది కొద్ది డబ్బు. పోయేది ఏమిటో ఆ త్రాసులో తూగదు. ఆ గడియారం నంబరు ఒక్కసారి చదివి ఉంటే, ఆయనకు ఏ వయసులో అది చేతికొచ్చి ఉంటుందో, అది ఏ దేశం నుంచి వచ్చిందో ఇంటిల్లిపాదికీ తెలిసేది. త్రాసు దాకా పోకుండా ఆగేదేమో కూడా.

అందుకని ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు ఒక పని చేయండి. నడవని గడియారం ఏదైనా ఉంటే అడిగి చూడండి. కిరీటం లాగవద్దు, కీ ఇవ్వవద్దు. మూత తీసి, లోపలున్నదంతా చదివి, ఒక చీటీ మీద రాయండి. ఎవరిది, ఎవరిద్వారా వచ్చింది, యంత్రం నంబరు ఎంత, సుమారు ఏ ఏడు, టైము పెట్టే పద్ధతి ఏమిటి. ఆ చీటీ గడియారంతోబాటే చిన్న సంచీలో ఉంచండి. దాన్ని బాగుచేయించడం మీవల్ల కాకపోతే మీ పిల్లలు చేయిస్తారు. చీటీ రాయడం మాత్రం వారివల్ల కాదు, ఎందుకంటే ఆ పేర్లు తెలిసినది మీకే.

నాకిచ్చిన వేళ అయిపోయింది. బల్లమీద భూతద్దం, కొన్ని గడియారాలు పెట్టాను. భోజనాల తర్వాత వచ్చి చూడండి. చిన్నపిల్లల్ని కూడా తీసుకురండి. మూత తీయడం వారికే ముందు చూపిస్తాను.

సెలవు.